గృహవిజ్ఞానము: నీరు ఏ త్రోవను బోవును?



క్రిందటి నెల మాకు వచ్చిన జాబులలో నొకటి నన్ను మిక్కిలి కలవరపెట్టినది. వ్రాసిన సోదరి పేరుగాని, ఊరుగాని ఇచట వ్రాయను. ఆమెకు రెండేండ్ల కుమారుడు. వేసవిలో వానికి నీళ్ళవిరేచనములు పట్టుకొనగా, చూచినవారు ఒక పొడిపొట్లము చేతికిచ్చి నీళ్ళలో కలిపి త్రాగింపుమనిరట. ఎన్ని నీళ్ళలోనో ఆ తొందరలో వారు చెప్పలేదో, చెప్పినను ఈమె చెవిని బడలేదో తెలియదు. మందు చిక్కగా నున్నచో త్వరగా గుణమిచ్చునని తలచి, ఆమె పొట్లమంతయు ఒక గ్లాసెడు నీళ్ళలో కలిపి చెంచాతో పోయసాగెను. రెండు మూడు గంటలు గడచునప్పటికి విరేచనములు హెచ్చెను. నాలుక పిడచగట్టెను. గ్లాసు కనబడినంతనే బిడ్డ చేతులు చాచి యేడ్చుచు, త్రాగినకొలది మఱింత దప్పిగొనుచుండెను. "విరేచనములగు బిడ్డకు నీళ్ళు పోయవలదని నేను మొదటనే చెప్పలేదా?" అని అత్తగారు కోపించిరి. అదృష్టవశమున ప్రక్కయింట నున్న యొక నర్సు వచ్చి, ఆ గ్లాసును పాఱబోసి, మఱియొక పొట్లము తెప్పించి, లీటరు నీళ్ళలో కలిపి పట్టించినది. మఱునాటికి బిడ్డ తేఱుకొనెను.

"పొట్లము అదే గదా, తగ్గినవి నీళ్ళే గదా, అంతమాత్రమున మేలు చేయు మందు కీడెట్లు చేసినది? మా అత్తగారి మాటలో నేమైన నిజము కలదా?" అని ఆ సోదరి అడుగుచున్నది.

ఈ ప్రశ్నలను చదివినప్పుడు నాకు మా యింటి మాగాయ జాడీ జ్ఞప్తికి వచ్చినది. నవ్వకుడు. ఆ సోదరి బిడ్డకు జరిగినదియు, జాడీలో జరుగునదియు ఒక్కటియే.

మాగాయ పెట్టు విధము మీకు క్రొత్తగా చెప్పవలసినది కాదు. పుల్లని మామిడికాయలు చెక్కు తీసి, ముక్కలు కోసి, ఉప్పు పసుపు కలిపి జాడీలో నదిమి మూత పెట్టుదుము. ఆ ముక్కలను తడిగుడ్డతో నైనను తాకనీయము. ఒక్క చుక్క నీరు పడినను బూజు పట్టునని పెద్దలు మనలను కసరుదురు. మూడవనాడు మూత తీసి చూచునప్పటికి జాడీలో ముక్కలు మునుగునంత ఊట! ముక్కలు మాత్రము ముడుతలుపడి, మెత్తబడి, సగమై యుండును. ఆ నీరు ఎచ్చటినుండి వచ్చినది? ఎవ్వరును పోయలేదు. మామిడి ముక్కలోని లక్షలాది చిన్ని గదులలో నిండియున్న నీరే గోడలు దాటి వెలుపలికి వచ్చినది. పిలిచినది ఉప్పు.

ఆ చిన్ని గదులనే జీవకణము లందురు. 1665లో రాబర్టు హుక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు బెరడుబిరడాను పలుచగా కోసి, సూక్ష్మదర్శినిలో చూడగా, తేనెపట్టువలె గదులు గదులుగా కానవచ్చినవి. సన్న్యాసులు వసించు చిన్న గదులకుండు పేరే వానికి పెట్టెను. ఆయన చూచినవి ప్రాణము పోయిన వట్టి గోడలు మాత్రమే. గదిలోని ద్రవము, దాని నడుమ నుండు కేంద్రకము, వీని సంగతి చాల కాలమునకుగాని తెలియరాలేదు. చెట్లన్నియు కణములతోనే కట్టబడినవని 1838లో ష్లైడెనును, జంతువులును అట్టివేయని 1839లో ష్వానును చెప్పిరి. మన శరీరమున నీ కణములు సుమారు 30 లక్షల కోట్లు ఉండునని నేటి శాస్త్రజ్ఞులు లెక్క కట్టియున్నారు. ఆ సంఖ్యను తలచి ప్రయోజనము లేదు, మనసున కెక్కదు. ఒక్క కణమును చక్కగా తెలిసికొన్నచో చాలును.

కణమునకు ముఖ్యమైనది దాని పొర. ఒక మిల్లీమీటరును లక్ష భాగములు చేసినచో అందొక భాగమునకంటె నించుక పలుచన. అది క్రొవ్వుజాతి పదార్థముతో రెండు వరుసలుగా కూర్చబడినది. నూనెయు నీరును కలియవని మనకు తెలియును గదా! కనుక నీటిలో కరిగిన ఉప్పుగాని, పంచదారగాని ఈ నూనెపొరను తమంత తాము దాటలేవు. ప్రాణవాయువువంటి వాయువులు మాత్రము సులువుగా దాటును. అగరువత్తి వెలిగించిన గదిలో పరిమళము మూలమూలకు ప్రాకునట్లే, ఎక్కువ యున్న చోటినుండి తక్కువ యున్న చోటికి అవి వ్యాపించును. దీనినే విసరణ మందురు. కణమంత చిన్న దూరమునకు విసరణము రెప్పపాటులో పని ముగించును గాని, మీటరు దూరమునకు వట్టి విసరణమునే నమ్ముకొన్నచో పదేండ్లకు పైగా పట్టును. మనకు గుండెయు, రక్తనాళములును ఉండుట ఇందుకే.

ఇక నీటి సంగతి. నీటి అణువు మిక్కిలి చిన్నది. అదియును క్రొవ్వుపొరను కష్టముమీద కొంచెము కొంచెముగా దాటును. కాని అనేక కణముల పొరలలో నీటికై ప్రత్యేకముగా సన్నని తూములున్నవి. 1992లో అమెరికాయందు పీటరు ఆగ్రే యను వైద్యుడు వానిని కనుగొని 2003లో నోబెలు బహుమతి పొందెను. ఒక్కొక్క తూమున సెకనునకు 300 కోట్ల నీటి అణువులు పోగలవట. ఉప్పు మాత్రము పోజాలదు. పొరకు ఒకవైపున పలుచని నీరును, వేఱొకవైపున చిక్కని ఉప్పునీరును ఉన్నప్పుడు, ఉప్పు ఇవతలికి రాలేదు గనుక నీరే అటు పోవును. పలుచని వైపునుండి చిక్కని వైపునకు నీరు పొర దాటి పోవుటకే ద్రవాభిసరణము అని పేరు. దీనిని మొదట గమనించినవాడు ఫ్రాన్సు దేశపు నొలే యను మతగురువు. 1748లో ఆయన సారాయి నింపిన పాత్రమూతికి పందిపొట్టలోని మూత్రాశయపు పొరను బిగించి నీటిలో ముంచియుంచెను. కొన్ని గంటలలో నీరు లోపలికి జొచ్చి పొర ఉబ్బి గుమ్మటమువలె లేచెను.

పంది పొరలతో మనకు పని లేదు. ఒక బంగాళాదుంప చాలును. దానిని వ్రేలి మందమున బిళ్ళలుగా తఱిగి, కొన్నిటిని మంచినీళ్ళలోను, కొన్నిటిని రెండు చెంచాల ఉప్పు కలిపిన గిన్నెడు నీళ్ళలోను వేసి గంటసేపుంచి తీయుడు. మంచినీళ్ళలోనివి బిఱుసెక్కి, వంచినచో పుటుక్కున విఱుగును. ఉప్పునీళ్ళలోనివి తోలువలె మెత్తబడి విఱుగక వంగును. వాడిన తోటకూర కట్టను కాడలు మునుగునట్లు నీళ్ళలో నిలిపినప్పుడు మరల నిక్కి నిలుచుటయు ఇట్టిదే. ఇంకొక వింత గలదు. ఉడికించిన దుంప బిళ్ళలతో నిదే పరీక్ష చేసి చూడుడు. ఏ మార్పును అంతగా కానరాదు. ఉడుకుటతో కణపు పొరలు చెడిపోయినవి గనుక వానికి లోపలయు వెలుపలయు అను భేదమే లేదు. పిల్లలకు సెలవుదినమున చూపదగిన ముచ్చట. నేను మా యింటి పిల్లలకు చూపినప్పుడు వారు బిళ్ళలను విఱుచుటలో పోటీపడి నాకు కూరకు దుంపలు మిగుల్చలేదు.

ఇదే న్యాయము మన నెత్తుటిలోని యెఱ్ఱకణములకును వర్తించును. వానిని వట్టి నీళ్ళలో వేసినచో నీరు లోనికి జొచ్చి, ఉబ్బి, పగిలిపోవును. చిక్కని ఉప్పునీళ్ళలో వేసినచో ముడుచుకొని పోవును. లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పున్నచో ఉబ్బవు, ముడుగవు. ఆసుపత్రులలో నరమున కెక్కించు సెలైను నీటికి ఆ కొలతయే. దానిని ఎవ్వరును తమ యిష్టము వచ్చినట్లు చిక్కగా చేయరు గదా!

ఇప్పుడు ఆ సోదరి గ్లాసును చూతము. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2002లో నిర్ణయించిన ప్రకారము లీటరు నీటికి సరిపడు పొట్లములో గ్లూకోజు 13.5 గ్రాములు, మామూలు ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియము క్లోరైడు 1.5 గ్రాములు, సిట్రేటు లవణము 2.9 గ్రాములు, వెరసి 20.5 గ్రాములుండును. ఈ పొడిని లీటరు నీటిలో కలిపినప్పుడు అందలి అణువుల సాంద్రత, శాస్త్రజ్ఞుల కొలతలో, 245 అగును. మన రక్తమునకు ఇది సుమారు 290. అనగా పేగులోని ద్రవము రక్తముకంటె నించుక పలుచన. నీరు పేగునుండి దేహములోనికి సుఖముగా పోవును. అదే పొడిని 200 మిల్లీలీటర్ల గ్లాసులో కలిపినచో సాంద్రత అయిదింతలై 1200 దాటును. అప్పుడు పేగు మాగాయ జాడీ యైనది. బిడ్డ దేహము మామిడిముక్క యైనది! రక్తములోని నీరు వెనుకకు మరలి పేగులోనికి దిగును. విరేచనములు హెచ్చుట కదియే కారణము.

కీడు అంతటితో నాగదు. ఆ ఉప్పులో కొంత రక్తములో చేరినప్పుడు రక్తమే చిక్కనై, తన చుట్టునున్న కణములలోని నీటిని లాగికొనును. మెదడులోని కణములు ముడుగుట మిక్కిలి ప్రమాదము. బిడ్డ మొదట చిఱాకుపడుచు ఆగని దప్పితో నేడ్చును, పిమ్మట మగతగొనును, ఈడ్పులును రావచ్చును. నర్సు వచ్చి గ్లాసు పాఱబోయుట ఎంత మేలైనదో దీనినిబట్టి తెలిసికొనవచ్చును.

అత్తగారి మాటకు వత్తము. ఆమెను తప్పుపట్టుటకు నాకు మనసొప్పదు. త్రాగిన నీరు త్రాగినట్లే పోవుచుండగా, పోయుట మానినచో పోవుట మానునని తోచుట సహజమే. మా యమ్మమ్మ యింటను ఇట్టి ఆచారమే యుండెను. ఆమె తన చిన్న చెల్లెలిని గూర్చి చెప్పునప్పుడు, ఆ పిల్ల చివరి రాత్రి యంతయు "దాహము, దాహము" అని యడిగినదనియు, పెద్దలు తడిగుడ్డతో పెదవులు మాత్రము తుడిచిరనియు చెప్పి, అచ్చట మాట నిలిపివేసెడిది. ఎవ్వరును కఠినులు కారు. వారికి తెలిసిన వైద్యము వారు చేసిరి.

నిజమేమనగా, విరేచనములో పోవునది ఆ క్షణమున త్రాగిన నీరు కాదు. ఆరోగ్యవంతుని పేగులలోనికి దినమునకు ఎనిమిది తొమ్మిది లీటర్ల ద్రవము వచ్చుచుండును. మనము త్రాగునది అందు రెండు లీటర్లే. తక్కినది లాలాజలము, జఠరరసము, పిత్తము మొదలగు మన రసములే. అంతటిని పేగు మరల పీల్చుకొని, వెలుపలికి నూఱు రెండు నూఱుల మిల్లీలీటర్లు మాత్రమే విడుచును. చిన్నపేగు లోగోడ నున్నని గొట్టము కాదు. మఖమలు గుడ్డవలె దానిమీద ఆంత్రచూషకములను సన్నని మొనలు లెక్కకు మిక్కిలిగా నుండును. ఈ మడతలన్నియు విప్పి పఱచినచో టెన్నిసు మైదానమంత యగునని పుస్తకములలో వ్రాయుచుండిరి. 2014లో స్వీడను దేశమున మరల కొలిచి చూచి, నోటినుండి చివరిదాక అంతయు కలిపి 30 చదరపు మీటర్లకు కొంచెము మించునని తేల్చిరి. ఆ మొనలపై ఒకే వరుసగా కణములు పఱచుకొని యుండును. మూడునాళ్ళకో అయిదునాళ్ళకో అవి రాలిపోయి క్రొత్తవి పుట్టుచుండును. విరేచనములగుచున్నప్పుడును, తగ్గిన పిదపను బిడ్డకు తిండి పెట్టవలెననుట కిదియొక కారణము; గోడ తిరిగి కట్టుటకు సామగ్రి కావలెను.

ఈ కణములు నీటినెట్లు పీల్చును? నీరు ఉప్పు వెంట పోవునని జాడీవలన తెలిసికొంటిమి. కనుక పేగు చేయవలసిన పని ఉప్పును లోనికి గొనిపోవుట. ఉప్పులోని సోడియము పొర దాటలేదని పైన వ్రాసితిని. దానికి ప్రత్యేకమైన తలుపులు కావలెను. వానిలో నొకటి చిత్రమైనది. దానికి రెండు తాళపుచెవులు కావలెనన్నట్లు, సోడియమును గ్లూకోజును కలిసి వచ్చినప్పుడే తెఱుచుకొని రెండింటిని లోనికి గొనును. ఒక గ్లూకోజు అణువునకు రెండు సోడియములు. ఒంటిగా వచ్చినదానిని దాటింపదు. 1960లో ప్రాగు నగరమున జరిగిన యొక శాస్త్రజ్ఞుల సభలో రాబర్టు క్రేను అను అమెరికా దేశీయుడు ఈ సంగతి మొదట చెప్పెను. వట్టి నీళ్ళు చాలకపోవుటయు, ఉప్పునీళ్ళలో చక్కెర పడవలసివచ్చుటయు దీనివలననే. చక్కెర రుచికి గాదు, బలమునకును గాదు. అది తలుపునకు రెండవ తాళపుచెవి.

లోనికి వచ్చిన సోడియము కణములోనే పేరుకొన్నచో తలుపు పని నిలిచిపోవును. కావున కణపు రెండవవైపున, రక్తము వైపున, మఱియొక యంత్రము దానిని వెలుపలికి తోడివేయుచుండును. దీనిని డెన్మార్కు దేశీయుడు స్కో 1957లో కనుగొని 1997లో నోబెలు బహుమతి పొందెను. అది మూడు సోడియములను వెలుపలికి నెట్టి రెండు పొటాషియములను లోనికి గొనును. ఇది మిట్టకు నీరు తోడుట వంటిది. తనంత తాను జరుగదు, శక్తి వ్యయము కావలెను. మనము ఊరక పరుండియున్నప్పుడు సైతము దేహము ఖర్చుపెట్టు శక్తిలో సుమారు అయిదవ వంతు ఈ తోడుటకే పోవునందురు.

ఆ శక్తి నిచ్చు పదార్థము పేరు ఏ.టి.పి. ఇచ్చట ఒక మాట చెప్పక ముందునకు పోజాలను. 1929లో ఆ పదార్థమును కండరములనుండి వేఱుపఱచి లోకమునకు తెలిపినవారిలో నొకరు మన భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు. అమెరికాలోని హార్వర్డు వైద్యవిద్యాలయమున ఫిస్కే యను నాచార్యునితో కలిసి ఆయన ఈ పని చేసిరి. అదే యేట జర్మనీయందు లోమాన్ అనునాతడును దానిని కనుగొనెను. సుబ్బారావుగారి సోదరుడు స్ప్రూ అను వ్యాధితో మరణించెను. తామును ఆ వ్యాధి వాతబడి, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో కోలుకొనిరి. స్ప్రూ యనగా పేగులోని ఆ మఖమలు మొనలు అణగిపోయి, తిన్నదియు త్రాగినదియు ఒంట బట్టక, విరేచనములతో మనిషి కృశించు రోగము. పేగు పీల్చుకొనలేక ఆప్తుని పోగొట్టుకొన్న యింటివాడే, పేగు పీల్చుకొనుటకు కావలసిన శక్తి యెందున్నదో కనుగొనుట నాకు ఎప్పుడు తలచినను ఆశ్చర్యముగా నుండును.

సోడియమును గ్లూకోజును లోనికి పోగా, వాని వెంట నీరు పోవును. సరియే. మఱి కలరావంటి ఘోరవ్యాధిలో, గంటకు లీటరు చొప్పున నీరు పోవుచుండగా ఈ తలుపు పని చేయునా? చేయును! అదియే మానవుల అదృష్టము. కలరా క్రిమి యొక విషమును విడుచునని 1959లో కలకత్తాలో శంభునాథ్ డే గారు ఋజువు చేసిరి. ఆ విషము పేగు కణములలో ఉప్పునకు సంబంధించిన క్లోరైడు తూములను బార్లా తెఱచును. క్లోరైడు వెలికి పోవగా సోడియమును నీరును దాని వెంట పోవును. కాని సోడియము గ్లూకోజుల జంట తలుపును ఆ విషము ముట్టజాలదు. పెరటి గోడ కూలినను వీథి తలుపు చక్కగనే యుండుట వంటిది. నీరు పోవుచునే యుండవచ్చును. మనము సరియైన పాళమున పోసినంత కాలము అంతకంటె నెక్కువ లోనికి పోవుచుండును. అత్తగారు చూచినది పోవు నీటిని మాత్రమే.

నోటిద్వారా నీరిచ్చి కలరా రోగులను బ్రదికింపవచ్చునని కలకత్తాయందు హేమేంద్రనాథ్ చటర్జీగారు 1953లోనే 186 మంది రోగుల వృత్తాంతము ప్రకటించిరి గాని వైద్యలోకము చెవినిడలేదు. 1968లో ఢాకాలో నేలిను, క్యాషు అను ఇద్దరు యువవైద్యులు కొలతలు వేసి దానిని స్థిరపఱచిరి. అయినను ఇట్టి వైద్యము పెద్ద ఆసుపత్రిలో, వైద్యుల కన్నుల యెదుట మాత్రమే చేయదగినదని పలువురు తలచిరి. ఆ తలపును మార్చినది 1971వ సంవత్సరము. తూర్పు బెంగాలునుండి లక్షలాది జనులు యుద్ధమునకు వెఱచి మన దేశమునకు తరలివచ్చిరి. సరిహద్దునందలి బనగాఁవ్ శిబిరమున కలరా చెలరేగెను. ఆసుపత్రిలో రెండే గదులు. నేలమీద రోగులు కిక్కిఱిసి పడియుండిరి. నరమున కెక్కించు నీరు నిండుకొనెను. దిలీప్ మహలనబీస్ అను వైద్యుడు కలకత్తాలో ఉప్పును, గ్లూకోజును, వంటసోడాను తూచి పొట్లములు కట్టించి తెప్పించి, నీళ్ళలో కలిపించి, రోగుల తల్లులకు, అక్కచెల్లెండ్రకు, బంధువులకు గిన్నెలిచ్చి త్రాగింపుడనెను. అంతకు ముందు నూటికి ముప్పదిమంది చనిపోవుచుండగా, ఆయన చేతిక్రింద చికిత్స పొందిన 3,700 మందిలో చావు నూటికి నాల్గింటికి లోపుగా దిగెను. 1978లో లాన్సెట్ అను వైద్యపత్రిక, చక్కెరయు ఉప్పును కలిసి నీటిని దాటించు సంగతి కనుగొనుట ఆ శతాబ్దపు వైద్యమున కెల్ల ముఖ్యమైనది కావచ్చునని వ్రాసినది. మహలనబీస్ గారు 2022లో గతించిరి. మఱుసటి యేట మన ప్రభుత్వము పద్మవిభూషణ బిరుదము నిచ్చెను. బ్రదికియుండగా నిచ్చియుండిన బాగుండెడిది.

బంగ్లాదేశమున 1980 మొదలు పదేండ్లు బ్రాక్ అను సంస్థవారు చేసిన పని మన సోదరీమణులకు మఱింత నచ్చును. పల్లెపడుచులకు శిక్షణమిచ్చి ఇంటింటికి పంపిరి. మూడు వ్రేళ్ళ చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లము, అర్ధసేరు నీళ్ళు; అంతే పాఠము. తల్లులచేతనే కలిపించి చూచెడివారు. నేర్పిన స్త్రీకి జీతము, ఎన్ని యిండ్లు తిరిగినదను దానినిబట్టి కాదు. కొన్ని వారముల పిమ్మట వేఱొకరు వచ్చి ఆ తల్లిని అడిగినప్పుడు ఆమె ఎంత జ్ఞాపకముంచుకొన్నదో దానినిబట్టి! కోటికి పైబడిన యిండ్ల కీ పాఠము చేరినది. నేర్పుటకు ఇంతకంటె న్యాయమైన పరీక్ష నాకు తోచదు. 1980 ప్రాంతమున లోకమున ఏటేట 45 లక్షలకు పైగా పసిబిడ్డలు విరేచనములతో మరణించుచుండిరి. నేడు అయిదు లక్షలకు లోపు. అయినను అయిదు లక్షలు చిన్న సంఖ్య కాదు.

ఇక ఇంట చేయవలసినది. పొట్లముమీద నెన్ని నీళ్ళలో కలుపవలెనో వ్రాసియుండును. మొదట దానిని చదువుడు. లీటరు పొట్లములును, 200 మిల్లీలీటర్ల చిన్న పొట్లములును రెండును అంగళ్ళలో దొరకును గనుక పొరపాటున కవకాశము కలదు. ఇంటి గ్లాసులను నమ్మవలదు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. లీటరు సీసాతో కొలుచుట మేలు. కాచి చల్లార్చిన నీటిలో పొట్లమంతయు ఒకేసారి కలుపవలెను. సగము పొడి దాచుకొనరాదు. పాలుగాని, మఱికొంత చక్కెరగాని చేర్చరాదు. ఒక దినము గడచిన మిగిలినది పాఱబోయవలెను. పొట్లము దొరకనిచో లీటరు నీటికి ఆరు చిన్నచెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండును తలగొట్టి కొలిచి కలుపుడు. ఉప్పు మించుటకంటె తగ్గుట మేలు. కన్నీటికంటె ఉప్పన యుండరాదని పెద్దలు చెప్పు గుర్తు మంచిదే.

రంగురంగుల పెట్టెలలో పండ్లరసపు రుచితో నమ్ముచుండిన తీపినీళ్ళమీద కొందఱు వర్తకులు ఈ మందు పేరే వేసికొనుచుండిరి. వానిలో చక్కెర మిక్కుటము, ఉప్పు తక్కువ. చక్కెర మించినను జాడీ న్యాయమే. పేగులోనికే నీరు దిగును. హైదరాబాదునందలి శిశువైద్యురాలు శివరంజని సంతోష్ గారు పట్టువిడువక యేండ్ల తరబడి దీనిమీద పోరాడిరి. 2025 అక్టోబరులో దేశపు ఆహార ప్రమాణముల సంస్థ, నియమిత కొలతలకు లోబడని పానీయములమీద ఆ పేరు వేయరాదని ఉత్తరువు చేసినది.

మన గంజి సంగతి మఱవరాదు. చిటికెడు ఉప్పు వేసిన పలుచని బియ్యపు గంజి ఈ శాస్త్రమునకు చక్కగా సరిపడునది. గంజిలోని పిండిపదార్థము వందలాది గ్లూకోజు అణువుల గొలుసు. ద్రవాభిసరణమున గొలుసంతయు నొక్క అణువు క్రిందనే లెక్క. కనుక నీటిని వెనుకకు లాగదు. పేగు గోడయొద్ద అది తెగి ఒక్కొక్క గ్లూకోజుగా విడివడి, అప్పటికప్పుడు తలుపునకు తాళపుచెవులందించును. ఉప్పు వేసిన పలుచని మజ్జిగయు మంచిదే. చనుబాలు త్రాగు బిడ్డకు పాలు ఎన్నడును మాన్పరాదు.

రెండేండ్ల లోపు బిడ్డకు విరేచనమైన ప్రతిసారి 50 మొదలు 100 మిల్లీలీటర్ల వరకు, అంతకు పెద్దవారికి 100 మొదలు 200 వరకు, నిమిషమున కొక చెంచా చొప్పున నిదానముగా పోయవలెను. వాంతి చేసికొన్నచో పది నిమిషములాగి మరల మొదలుపెట్టవలెను. జింకు మాత్రలు దినమునకు 20 మిల్లీగ్రాములు, ఆరు నెలల లోపు శిశువునకు 10 మిల్లీగ్రాములు, వైద్యుని నడిగి పది పదునాల్గు దినము లిచ్చిన పేగు త్వరగా బాగుపడును. విరేచనములు కట్టిన పిదపను ఆ మాత్రల నాపరాదు.

కన్నులు గుంటలుపడుట, పొట్టమీది చర్మమును చిటికెనపట్టి విడిచిన వెంటనే సర్దుకొనక మడతగా నిలుచుట, మూత్రము రాకుండుట, మలములో నెత్తురు, మగత, త్రాగలేకపోవుట, ఆగని వాంతులు. వీనిలో నేది కనబడినను ఇంటివైద్యమును నమ్ముకొని కూర్చుండక వెంటనే ఆసుపత్రికి గొనిపోవలెను. బిడ్డ మెలకువతో మ్రింగగలిగినంత వరకు దారిలోను చెంచాతో పోయుచునే యుండవలెను.